రెండు మార్కుల నొప్పి

ఇవాళ పాడను. నిన్న డ్యూటీ దిగేటప్పుడు పెద్ద సిస్టర్ మొహం మీదే చెప్పేశాను. ఆమె నవ్వి, "పొద్దున్నకి నీ అలక తీరిపోతుందిలే, పాటమ్మా" అంది. అలక అట. ఇరవై రెండేళ్ళుగా ఈ వార్డు గచ్చు తుడుస్తున్న ఆయాకి వస్తే అలక, పై అంతస్తులో కుర్చీ ఉన్నవాడికి వస్తే కోపం. తొమ్మిది దాటింది. డ్రెస్సింగు గది బయట బల్ల మీద కూర్చున్నాను, కాళ్ళు నేలకి ఆనవు, ఈ బల్ల చేయించినవాడు మనుషుల్ని కొలవకుండా చేయించాడు. తలుపు పైసగం గాజు, పిల్లలు భయపడకుండా దానికి కాగితం పూలు అంటించారు, లోపల జరిగేది కనపడదు, వినపడుతుంది. పది లోపల పదిహేడో బెడ్డుని పిలుస్తారు. పదిహేడో బెడ్డు అంటే ఆరేళ్ళ పిల్ల. వేన్నీళ్ళ బకెట్టు మీద పడి కుడితొడా, కడుపూ, కుడిచెయ్యీ కాలిన పిల్ల. వార్డంతా మిరపగింజ అని పిలిచే పిల్ల. రోజు విడిచి రోజు కట్టు విప్పుతారు, ఇవాళ పన్నెండోసారి. పదకొండుసార్లు పక్కన నిలబడి పాడాను. ఇవాళ పాడను. పాడకపోతే ఏడుస్తుంది. ఏడవాలి. అది గుక్కపట్టి ఏడవాలనే ఇక్కడ కూర్చున్నాను, పిచ్చి పట్టిందా నీకు అని అడిగేవాళ్ళు అడగండి, నాకేం.

తెలియనివాళ్ళకి కట్టు అంటే గుడ్డ. రెండు రోజుల్లో ఆ గాజుగుడ్డ పుండుతో కలిసిపోతుంది, ఏది గుడ్డో ఏది మాంసమో ఎవడూ చెప్పలేడు. ఉప్పునీళ్ళు పోసి నానబెట్టాలి, నానాక అంచు పట్టి లాగాలి, లాగాక చచ్చిన తోలు గీకాలి, గీకాక మందు రాసి మళ్ళీ చుట్టాలి. కట్లు విప్పి కట్టే డ్రెస్సరు మంచివాడే, చెయ్యి తేలిక, కానీ తేలిక చెయ్యి కూడా చెయ్యే కదా. రెండేళ్ళ కిందట ఇదే గదిలో బల్ల కింద పడ్డ తడి తుడుస్తూ కూనిరాగం తీస్తున్నాను, పాట లేకపోతే నా చెయ్యి సాగదు. బల్ల మీద గొంతు చించుకుంటున్న నాలుగేళ్ళ పిల్లాడు ఠక్కున ఆగాడు. తల తిప్పి నా వైపు చూశాడు. డాక్టరుగారు "ఎవరది?" అన్నారు. నా ఉద్యోగం ఊడిందనుకుని తుడుపుకర్ర వెనక దాక్కున్నంత పని చేశాను. "ఆపకు, ఆపకు" అన్నారు. అలా నేను పాటమ్మనయ్యాను, పిల్లలకి పాటత్తనయ్యాను, ఒక పచ్చగౌను ఇచ్చారు, గదిలోకి చెప్పులు విడిచి దర్జాగా వెళ్ళడం మొదలుపెట్టాను. ఈ గొంతు ఎక్కడ తయారయిందో డాక్టరుగారికి తెలియదు. ఈ ఆస్పత్రి గేటు ముందే, తుడిచేవాళ్ళ సమ్మెలో, మైకు లేకుండా నాలుగు వందలమందికి వినపడాలని తొమ్మిది రోజులు అరిచి అరిచి తయారయింది. పైవాళ్ళకి మనశ్శాంతి లేకుండా చెయ్యడానికి పెంచుకున్న గొంతు. దాన్ని తీసుకొచ్చి కాలిన పిల్లల్ని ఊరుకోబెట్టడానికి పెట్టాను. ఈ మాట ఇవాళ అంటున్నాను గానీ ఆరోజు అనుకోలేదు, ఆరోజు గాల్లో తేలాను, ఇంటికెళ్ళి కూతురికి పదిసార్లు చెప్పాను. అది కుట్టుమిషను ఆపకుండానే, "బాగుందమ్మా, రేపు నువ్వు ఇంకొంచెం బాగా పాడితే ఆపరేషన్ కూడా మత్తు లేకుండానే చేసేస్తారు" అంది. నోర్ముయ్యవే అన్నాను. దాని నోరే నాకంటే ముందు నిజం పలికింది.

పాట అబద్ధం అనను. నా నోటితో ఆ మాట అనను. సూది గుచ్చేటప్పుడు పాట పనిచేస్తుంది, పిల్ల సూదిని వదిలి పాట వెంట పోతుంది, ఈలోగా సూది దిగి బయటికి వచ్చేస్తుంది. పిండికట్టు కోసే రంపం చప్పుడుకి బెదిరేవాళ్ళకి పనిచేస్తుంది. మందు పడ్డాక, మత్తు పూర్తిగా ఎక్కేలోగా ఉండే ఆ భయానికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. నేనే కట్టాను పాటలు, చదువురాని కట్టుడు. నానబెట్టే పనికి సాగదీసే పాట:

నాను నాను గుడ్డా నాను
నువు నానేదాకా నేనుంటాను

లాగే పనికి గబగబా లెక్కపెట్టే పాట, గీకే పనికి ఇంకోటి. డ్రెస్సరు చేతిని చూస్తూ పాడతాను, అతని చెయ్యి ఎక్కడ ఆగితే అక్కడ దీర్ఘం తీస్తాను. నాకు నేనుగా ఒక నియమం కూడా పెట్టుకున్నాను. పిల్ల ఏడుపందుకుంటే పాట ఆపెయ్యాలి. ఏడుపు మీద పాట పోస్తే పిల్లకి వినపడదు, నా గొంతూ పోతుంది. ఆపి, చెయ్యి పట్టుకుని నిలబడి, ఏడుపు సన్నబడగానే ఆగినచోట మళ్ళీ ఎత్తుకోవాలి. రెండోసారికో మూడోసారికో పిల్ల ఏడవడం మానేసేది. చూశారా ఎంత బాగా పనిచేస్తోందో అనుకునేదాన్ని. నేర్చుకుంటామని వచ్చిన పక్క వార్డు ఆయాలకి వేలు ఊపి మరీ చెప్పాను, ఏడుపు వస్తే పాట ఆపండి, పోగానే మొదలెట్టండి అని. పెద్ద పంతులమ్మని.

"వచ్చేశావా అక్కా, హమ్మయ్య." మిరపగింజ తండ్రి. ప్లంబరు. వచ్చి పక్కన కూలబడ్డాడు, గోళ్ళ సందుల్లో పైపులకి పూసే తెల్లజిగురు ఇంకా పోలేదు. "పొద్దున లేచిన దగ్గర్నుంచీ నా ప్రాణం తీస్తోంది. పాటత్త వచ్చిందా చూసి రా, చూసి రా అని. ఇది నాలుగోసారి రావడం." ఈ మనిషి ఇంటింటికీ తిరిగి వేడినీళ్ళ మిషన్లు బిగిస్తాడు, తన ఇంట్లో మాత్రం పొయ్యి మీద బకెట్టు. మొదటి వారం ఇదే బల్ల మీద తల గోడకేసి కొట్టుకుంటూ చెప్పాడు, అక్కా, ఆ బకెట్టు దింపింది నేనే, సబ్బు కోసం ఇటు తిరిగాను అంతే అని. ఆ ఏడుపు ఆపడానికి నా దగ్గర పాట లేకపోయింది. "రాత్రి నర్సమ్మతో మళ్ళీ గొడవ పెట్టుకుంది," అంటున్నాడు నవ్వుతూ, నవ్వే ఓపిక ఎక్కడినుంచి తెచ్చుకుంటాడో, "నాకు రాయడం వచ్చాక నీ పేరు గోడ మీద రాస్తా, అందరూ చూస్తారు అందట." అనే ఉంటుంది. రక్తం తీయడానికి వచ్చినవాడి బొటనవేలు కొరికింది. పక్క బెడ్డు పిల్లాడు దీని బొమ్మ ముట్టుకున్నాడని పళ్ళెం విసిరింది. వార్డులో నోరు మూతపడని పిల్ల, ఈ తలుపు దాటి బల్ల ఎక్కితే కిక్కురుమనదు. పళ్ళు బిగించి పైకప్పుకేసి చూస్తుంది. మొదటిసారి మాత్రం ఏడుపందుకుంది, నేను పాట ఆపగానే మింగేసింది, ఆ తర్వాత ఎప్పుడూ ఏడవలేదు. అందరూ నా భుజం తట్టారు. ఇలాంటి పిల్ల అంత గమ్మున ఎందుకుంటోంది అని ఒక్కరంటే ఒక్కరం అడగలేదు, అందులో మొదటి గాడిదని నేను.

లోపల గోడకి ఒక కాగితం ఉంటుంది, ఆరు మొహాలు. మొదటిది నవ్వు మొహం, సున్నా. చివరిది నోరు చతురస్రంగా తెరిచి ఏడ్చే మొహం, పది. మధ్యలో రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. కట్టు విప్పుతున్నంతసేపూ పెద్ద సిస్టర్ పిల్ల మొహం చూసి మార్కు వేస్తుంది. కాళ్ళు తన్నుకుంటోందా, ఏడుస్తోందా, ఊరుకోబెడితే ఊరుకుంటోందా, అంతే. నాలుగు దాటితే మత్తు డాక్టర్ని పిలవాలి, ఆయన రెండంతస్తులు దిగి రావాలి, తాళం వేసిన బీరువాలో మందు తియ్యాలి, పిల్ల మత్తులోకి వెళ్ళి మళ్ళీ తేరుకునేదాకా ఒకరు కాపలా కూర్చోవాలి. నాలుగు లోపలైతే ఇవేవీ అక్కర్లేదు. మిరపగింజకి రెండు. ప్రతిసారీ రెండు. పాట రాకముందు ఈ గదిలో ఎనిమిదులూ పదులూ పడేవి, మత్తు డాక్టరు విసుక్కుంటూనైనా దిగి వచ్చేవాడు. ఆ మధ్య మీటింగు పెట్టారు. పెద్ద తెర మీద గీతలు, ఒక గీత పైనుంచి కిందికి జారుడుబల్లలా. డాక్టరుగారు కర్రతో చూపించి, "సంగీతం మొదలుపెట్టాక మత్తు మందు వాడకం సగానికి పడిపోయింది" అన్నారు. చప్పట్లు. నన్ను లేచి నిలబడమన్నారు, వెనక వరసలో నిలబడ్డాను. నేనూ కొట్టాను చప్పట్లు. నొప్పి సగానికి పడిందని అర్థం చేసుకున్నాను నేను. మందు సగానికి పడిందని వాళ్ళు చెప్పారు. ఈ రెండు మాటలకీ మధ్య ఎంతమంది పిల్లలున్నారో నాకు ఇప్పుడు లెక్క తెలియదు, ఆ గీత గీసినవాడికీ తెలియదు.

మొన్న. పదకొండోసారి కట్టు అయిపోయింది, బండి మీద బెడ్డు దగ్గరికి తీసుకొచ్చాం, చెమటకి జుట్టంతా నుదుటికి అతుక్కుపోయింది. తుడుస్తూ, మాట వరసకే, "భలే గట్టిదానివే నువ్వు. నొప్పి తెలియట్లేదు కదూ?" అన్నాను. దానికి లోకం మీద ఉన్న విసుగంతా మొహంలోకి తెచ్చుకుని నా వైపు చూసింది.

"ఎందుకు తెలీదు?"

"మరి ఏడవవేం?"

"ఏడిస్తే నువ్వు ఆపేస్తావుగా."

తుడిచే గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. అది అటు తిరిగి పక్క బెడ్డువాణ్ణి వెక్కిరించడం మొదలుపెట్టింది, దానికి ఆ మాట అంతటితో అయిపోయింది, నీళ్ళు తాగినంత మామూలు మాట. నా నియమం. వేలు ఊపి మరీ చెప్పిన నియమం. పిల్ల ఏడుపు ఆపితే పాట ఇస్తాను అని నేను నోటితో అనలేదు, ప్రతిసారీ చేసి చూపించాను. అది బేరం అనుకుంది. బేరమే కదా, ఇంకేమిటి? ఆరేళ్ళ పిల్ల తన తోలు లాగుతుంటే పళ్ళు బిగించి నా పాటని కొనుక్కుంది, ఆ బిగించిన పళ్ళు చూసి పెద్ద సిస్టర్ రెండు మార్కులు వేసింది, ఆ రెండు చూసి మందు బీరువాలో ఉండిపోయింది. దొంగ ఎక్కడున్నాడని వెతికితే అందరి చేతులూ శుభ్రంగా ఉన్నాయి, గ్లవుజులు కూడా వేసుకున్నారు.

ఇదే ఆస్పత్రిలో నా కూతురు పుట్టింది. ఎదురు బిల్డింగు, ఇప్పుడు అక్కడ సామాన్ల గది. నొప్పులకి నేను అరుస్తుంటే ఒకావిడ తొడ మీద చాచి కొట్టింది, "నోరు మూసుకో, ఇక్కడ నువ్వొక్కదానివే కంటున్నావా" అని. మూసుకున్నాను. పక్క మంచం ఆవిడని చూపించి, "చూడు, ఆమె చూడు ఎంత బుద్ధిగా కంటోందో" అంది. ఆ బుద్ధిమంతురాలు ఆ సాయంత్రమే పోయింది, లోపల ఏదో చిరిగిందట, ఆమె ఏమీ అనకపోతే మాకెలా తెలుస్తుంది అన్నారు. అన్నీ తెలిసినదాన్ని నేను. ఆ చెంపదెబ్బలాంటి తొడదెబ్బ తిన్నదాన్ని నేను. గేటు ముందు నిలబడి, నోరు మూసుకుంటే ఏమీ రాదర్రా అని నాలుగు వందలమందికి చెప్పినదాన్ని నేను. మళ్ళీ నేనే పిల్లల నోళ్ళు మూశాను, తీపి గొంతుతో మూశాను. కొట్టి మూస్తే కనీసం పిల్లలకి నా మీద కోపమైనా వచ్చేది.

నిన్న పెద్ద సిస్టర్‌తో చెప్పాను ఇదంతా. చేతులు కడుక్కుంటూ వింది. "స్కోరు రెండున్న పిల్లకి మత్తు డాక్టర్ని పిలిస్తే ఆయన నా నెత్తిన ఎక్కుతాడు" అంది. "ఆ రెండు పిల్లది కాదమ్మా, నా పాటది" అన్నాను. "అదే కదా పాట ఉపయోగం." "ఉపయోగం ఎవరికి?" కుళాయి కట్టేసి నా వైపు చూసింది. చెడ్డది కాదు. ముప్ఫై బెడ్లకి ముగ్గురు సిస్టర్లు, ఆమె పాదాలు సాయంత్రానికి చెప్పుల్లో పట్టవు, నాకు తెలుసు. "ఒకర్ని మత్తులోకి పంపిస్తే ఒక సిస్టర్ని కాపలా పెట్టాలి. ఎక్కడినుంచి తేను? నువ్వు కూర్చుంటావా?" అంది. కూర్చుంటాను అన్నాను. "నువ్వు ఆయావి" అంది. పాడేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తురాలేదు నేను ఆయానని. అప్పుడు చెప్పాను, రేపు పాడనని.

"అక్కా, ఇవాళ ఏ పాట?" ప్లంబరు అడుగుతున్నాడు. ఇక దాచకూడదు. "ఇవాళ పాడనయ్యా" అన్నాను. నవ్వాడు, వేళాకోళం అనుకున్నాడు. తర్వాత నవ్వు ఆగింది. "గొంతు బాగాలేదా?" "బాగానే ఉంది. పాడితే అది ఏడవదు, ఏడవకపోతే మందు ఇవ్వరు. దానికి నొప్పి ఉంది. పూర్తిగా ఉంది. పాట కోసం ఓర్చుకుంటోంది." అతనికి సగమే ఎక్కింది. అందులో అతను పట్టుకున్న సగం వేరే. "ఏడుస్తుందా? దాని ఏడుపు నేను వినలేనక్కా. ఆరోజు విన్నాను. చాలు. నీ కాళ్ళు పట్టుకుంటాను." నిజంగానే వంగాడు, నేను కాళ్ళు వెనక్కి లాక్కున్నాను, బల్ల ఎత్తుగా ఉండడంవల్ల అతని చేతులు గాల్లో ఉండిపోయాయి. "నువ్వు వినలేవని అది ఓర్చుకోవాలా?" అనేశాను. అనకూడని మాట. మొహం తెల్లబోయింది. కానీ వెనక్కి తీసుకోలేదు. ఎప్పుడూ ఇంతే నేను, అవతలివాడి పుండు చూడకుండా అనేస్తాను.

"పదిహేడు!" డ్రెస్సరు కేక. బండి వచ్చింది. మిరపగింజ పడుకుని మెడ తిప్పి నన్ను చూసింది, చూసి తృప్తిగా మళ్ళీ పైకప్పుకేసి తిరిగింది. ఉంది కదా, చాలు అన్నట్టు. బండి లోపలికి పోయింది. తలుపు వేసుకుంది. నేను బల్ల మీదే ఉన్నాను, బల్ల అంచుని రెండు చేతులతో పట్టుకుని. పెద్ద సిస్టర్ తలుపు సందులోంచి చూసి, "ఏం, రావా?" అంది. తల అడ్డంగా ఊపాను. మూసేసింది. నీళ్ళు పోస్తున్న చప్పుడు. పళ్ళెంలో కత్తెర పెట్టిన చప్పుడు. ఇప్పుడు ఏడుస్తుంది. ఏడువు. ఇప్పుడు. తండ్రి చెవులు మూసుకుని ఉన్నాడు, ఎందుకు మూసుకున్నాడో, ఏ చప్పుడూ లేదు. నానబెట్టడం అయిపోయి ఉంటుంది. లాగుతూ ఉంటారు. గోడ గడియారం ముల్లు కదులుతోంది, లోపలినుంచి ఏమీ రాదు. ఒక్కసారి మాత్రం సన్నగా, అడిగినట్టు, "పాటత్తా?" అంతే. మళ్ళీ ఏమీ లేదు. అప్పుడు అర్థమయింది, నా బుర్రకి ఎప్పుడూ ఆలస్యమే. అది ఎదురుచూస్తోంది. ఏడవకుండా ఉంటే మొదలుపెడతానని ఎదురుచూస్తోంది. ఇన్ని రోజులూ పాటైనా ఇచ్చి ఓర్పించాను, ఇవాళ ఏమీ ఇవ్వకుండా ఓర్పిస్తున్నాను.

చెప్పులతోనే తలుపు తోసుకుని వెళ్ళాను. గౌను లేదు. డ్రెస్సరు చేతిలో గుడ్డ అంచు, సగం లేచింది, సగం లేవలేదు. పిల్ల కింది పెదవి రక్తం వచ్చేలా కొరుక్కుని ఉంది. నన్ను చూసి పెదవి వదిలింది. "ఆలస్యం చేశావేం?" అంది. వంగి, దాని చెవి దగ్గర కాదు, గదిలో అందరికీ వినపడేలా చెప్పాను. "ఇవాళ కొత్త రకం. నువ్వు ఏడ్చినా నేను ఆపను. ఎంత గట్టిగా ఏడ్చినా ఆపను. చూస్తావా?" నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? నాను నాను గుడ్డా నాను, ఎత్తుకున్నాను. డ్రెస్సరు చెయ్యి కదిలింది. అది నన్నే చూస్తూ, పరీక్ష పెట్టినట్టు, చిన్నగా ఒక్క ఊఁ అంది. పాడుతున్నాను. ఇంకాస్త పెద్దది. పాడుతున్నాను. గుడ్డ ఇంకో వేలెడు లేచింది, అప్పుడు విప్పింది నోరు. ఇరవై రెండు రోజుల ఏడుపు. కాళ్ళు తన్నుకుంది, నా ముంజేయి కొరికింది, అమ్మని పిలిచింది, నాన్నని తిట్టింది, బయట తలుపుకి ఏదో తగిలిన చప్పుడు, అతని తలే అయి ఉంటుంది. నేను సమ్మెలో గేటు ముందు అరిచిన ఆ గొంతు తీశాను. అది పాట కాదు, సాగదీసిన కేక, ఇద్దరం కలిసి ఆ గది అద్దాలు అదిరేలా అరిచాం. "ఇదేం పాటే నీ మొహం, ఆపు!" పెద్ద సిస్టర్ అరుస్తోంది. ఆపలేదు. మాటిచ్చాను.

డ్రెస్సరే ముందు చెయ్యి తీశాడు. గుడ్డ అంచు వదిలేసి, తడిగుడ్డ కప్పి, రెండడుగులు వెనక్కి వేశాడు. "నావల్ల కాదు సిస్టర్. మత్తు డాక్టర్ని పిలవండి." ఫోను చేశారు. వస్తున్నాను అన్నాడట, విసుక్కుంటూనే. పిల్ల వెక్కుతోంది, నేను గొంతు తగ్గించాను గానీ ఆపలేదు, ముంజేతి మీద దాని పళ్ళు వరసగా అచ్చుపడ్డాయి. పెద్ద సిస్టర్ గోడకున్న మొహాల కాగితం తీసి, ఫైలు తెరిచి, కలం పట్టుకుని ఆగింది. ఎందుకో ఆగింది. తర్వాత ఆ కాగితం పిల్లవైపు తిప్పింది. రెండేళ్ళలో అలా తిప్పగా నేను చూడలేదు.

"ఇందులో నీ మొహం ఏదే?"

మిరపగింజ బాగున్న ఎడమచెయ్యి ఎత్తి, చివరి మొహం మీద వేలు పెట్టింది.

"ఇవాళా?"

"ఇవాళ." ముక్కు ఎగబీల్చి, అడక్కుండానే, "మొన్న కూడా."

"మొన్న పాట పాడింది కదే?"

"పాడినప్పుడు కూడా."

"అంతకుముందు?"

దానికి విసుగొచ్చింది. వేలు ఆ మొహం మీదినుంచి తియ్యకుండా, ఇదే, ఇదే, ఇదే అని కొట్టింది, కాగితానికి చిల్లు పడేలా.

పెద్ద సిస్టర్ ఫైలు వెనక్కి తిప్పింది. "దిద్దండి" అన్నాను, నా గొంతు నాకే గరగరలాడింది. "సంతకాలయిపోయాయి, దిద్దడానికి లేదు" అంది, నా వైపు చూడకుండా. ఇవాళ్టి గడిలో పది అని రాసింది. దాని పక్కన వరసగా పదకొండు గడుల్లో రెండు, రెండు, రెండు, ప్రతి రెండు కిందా పాట అనే గడిలో ఒక టిక్కు. ఆ టిక్కులు పెట్టింది నేను.